ఒక విషయానికి ఒకే చోటు: వెబ్‌సైటు వెనుక డేటాబేస్

రైలు టికెట్టు, పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు... ఇవన్నీ ఇప్పుడు వెబ్‌సైట్ల ద్వారానే జరిగిపోతున్నాయి. తెర మీద మనకు కనిపించేది ఒక పేజీ మాత్రమే. మీట నొక్కగానే ఆ పేజీ వెనుక ఉన్న ప్రోగ్రాం మరొక ప్రోగ్రాంను అడుగుతుంది: "ఫలానా నంబరు గల విద్యార్థి వివరాలేమిటి?" ఆ ప్రశ్నకు జవాబు వెతికి ఇచ్చేదే డేటాబేస్. పేజీ ఎంత అందంగా ఉన్నా, డేటాబేస్‌లో తప్పు ఉంటే తెర మీద కనిపించేది కూడా తప్పే. ఆ తప్పు ఒక్కోసారి ఒక మనిషికి రావలసిన సర్టిఫికెట్‌నో, సీటునో ఆపేస్తుంది.

డేటాబేస్‌ను ఎలా అమర్చాలో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. మీ కాలేజీ లైబ్రరీని వెబ్‌సైటులో పెట్టాలనుకున్నారు. ఏ పుస్తకాలున్నాయో విద్యార్థులు ఇంటి నుంచే చూసుకోవాలి. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో లైబ్రేరియన్‌కు తెలియాలి. చదువు పూర్తయి వెళ్ళేటప్పుడు లైబ్రరీ వారు ఇచ్చే 'నో డ్యూస్' కాగితం ఈ లెక్కల ఆధారంగానే రావాలి. పుస్తకం తిరిగి ఇచ్చేసిన విద్యార్థికి "ఇంకా బాకీ ఉంది" అని కంప్యూటర్ చెబితే ఏమవుతుందో మీరే ఊహించండి!

మూడు అంతస్తులు

వెబ్ అనువర్తనాన్ని మూడంతస్తుల మేడగా ఊహించుకోవచ్చు. పై అంతస్తులో బ్రౌజర్ ఉంటుంది. అది మీ ఫోనులోనో, కంప్యూటర్‌లోనో ఉండి పేజీని చూపిస్తుంది. మధ్య అంతస్తులో సర్వర్ మీద నడిచే ప్రోగ్రాం ఉంటుంది. బ్రౌజర్ నుంచి వచ్చిన కోరికను అందుకొని ఏం చెయ్యాలో నిర్ణయించేది ఇదే. కింది అంతస్తులో డేటాబేస్ ఉంటుంది. పైనున్న రెండు అంతస్తులనూ ఎప్పుడు కావాలంటే అప్పుడు కూల్చి మళ్ళీ కట్టుకోవచ్చు. పేజీ రంగులు మారతాయి, ప్రోగ్రాం రాసే భాష మారుతుంది. కాని పదేళ్ళ పాటు పోగైన సమాచారం మాత్రం అలాగే ఉండాలి. అందుకే కింది అంతస్తును ఆలోచించి కట్టాలి.

ఒకే పెద్ద రిజిస్టరు పెడితే?

మొదట అందరికీ తోచేది ఒకే పెద్ద పట్టిక. ఒక్కో అడ్డు వరుసలో పుస్తకం పేరు, రచయిత, తీసుకున్న విద్యార్థి పేరు, తరగతి, ఫోను నంబరు, తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ. చూడటానికి సులువుగానే ఉంది. నాలుగు రోజులు వాడితే చిక్కులు బయటపడతాయి.

మొదటి చిక్కు మార్పుతో వస్తుంది. ఒక విద్యార్థిని ఏడాదిలో 30 పుస్తకాలు తీసుకుంది. అంటే ఆమె ఫోను నంబరు 30 చోట్ల ఉంది. నంబరు మారినప్పుడు 29 చోట్ల మార్చి ఒకచోట మరిచిపోతే, ఏది సరైన నంబరో ఇక కంప్యూటర్ చెప్పలేదు.

రెండవ చిక్కు చేర్పుతో వస్తుంది. కొత్త పుస్తకం వచ్చింది, ఇంకా ఎవరూ తీసుకోలేదు. దాన్ని ఈ పట్టికలో ఎలా రాయాలి? విద్యార్థి గడులన్నీ ఖాళీగా వదిలెయ్యాలి.

మూడవ చిక్కు తొలగింపుతో వస్తుంది. ఒక పుస్తకాన్ని ఒకే ఒక్కరు తీసుకున్నారు. పాత లెక్క కదా అని ఆ వరుసను తుడిచేస్తే, అసలు అలాంటి పుస్తకం లైబ్రరీలో ఉందన్న సంగతే పోతుంది.

ఈ మూడు చిక్కులకూ మూలం ఒక్కటే. పుస్తకం గురించిన విషయాన్ని, విద్యార్థి గురించిన విషయాన్ని, ఇచ్చిపుచ్చుకోవడం గురించిన విషయాన్ని ఒకే వరుసలో కలిపేశాం. ఒక విషయాన్ని ఒకే చోట రాయాలి. డేటాబేస్ అమరికలో మిగిలిన సూత్రాలు చాలావరకు ఇందులోంచే వస్తాయి.

కాడ్ చూపిన దారి

1960లలోనే పెద్ద సంస్థలు కంప్యూటర్లలో సమాచారం దాచడం మొదలుపెట్టాయి. అమెరికా అపోలో కార్యక్రమం కోసం ఐబీఎం సంస్థ తయారు చేసిన ఐఎంఎస్ అనే వ్యవస్థ అలాంటిదే. అందులో సమాచారం చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి ఉండేది. కావలసినది దొరకాలంటే ఏ కొమ్మ పట్టుకొని ఎటు దిగాలో ప్రోగ్రాం రాసేవారికి తెలిసి ఉండాలి. అమరిక కాస్త మారిస్తే ప్రోగ్రాములు కూడా తిరగరాయవలసి వచ్చేది.

ఐబీఎంలోనే పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ఒక పరిశోధన పత్రం ప్రచురించి కొత్త దారి చూపించాడు. సమాచారాన్నంతా పట్టికలుగా రాయండి, ఏం కావాలో మాత్రమే అడగండి, ఎలా వెతకాలో కంప్యూటర్‌కు వదిలెయ్యండి అన్నది ఆయన ఆలోచన సారాంశం. దీనికి పునాది మీరు గణితంలో చదివే సమితుల పాఠమే. రెండు సమితుల కార్టీజియన్ లబ్ధంలో ఏ ఉపసమితినైనా 'సంబంధం' అంటారని చదివారు కదా? ఇంగ్లీషులో దాని పేరు రిలేషన్. కాడ్ దాన్ని రెండుకు బదులు ఎన్ని సమితులకైనా విస్తరించి వాడుకున్నాడు. పట్టికలో ఒక్కో అడ్డు వరుస ఆ ఉపసమితిలో ఒక మూలకం. రిలేషనల్ డేటాబేస్ అంటే పట్టికల మధ్య సంబంధాలున్న డేటాబేస్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పేరు పట్టిక నుంచే వచ్చింది. పట్టికే రిలేషన్!

1974లో ఐబీఎంకు చెందిన చాంబర్లిన్, బోయ్స్ అనే ఇద్దరు ఈ పట్టికలను ప్రశ్నించడానికి సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. అదే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. నేడు విరివిగా వాడే ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ అన్నీ ఈ దారిలో వచ్చినవే. వీటిలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లను ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని వాడుకోవచ్చు.

మన లైబ్రరీకి పట్టికలు

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. కంప్యూటర్ తెరవడానికి ఇంకా సమయం ఉంది. మన లైబ్రరీలో ఏ ఏ వస్తువులు, ఏ ఏ వ్యక్తులు, ఏ ఏ సంఘటనలు ఉన్నాయో రాయండి.

పుస్తకాలు ఉన్నాయి. సభ్యులు ఉన్నారు. పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం అనే సంఘటన ఉంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. లైబ్రరీలో 'కన్యాశుల్కం' 5 ప్రతులు ఉన్నాయనుకోండి. విద్యార్థి ఇంటికి పట్టుకెళ్ళేది వాటిలో ఒక్క ప్రతిని. పుస్తకం వేరు, ప్రతి వేరు. పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం పుస్తకానికి చెందిన విషయాలు. అట్ట చిరిగిందా, ఎప్పుడు కొన్నారు, ఏ బీరువాలో ఉంది అన్నవి ప్రతికి చెందిన విషయాలు. కాబట్టి రెండు పట్టికలు కావాలి.

ఇలా మనకు నాలుగు పట్టికలు వచ్చాయి: పుస్తకాలు, ప్రతులు, సభ్యులు, ఇష్యూలు. ఏ విషయం ఏ పట్టికలో ఉండాలో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గడిలో రాయబోయే విషయం, ఆ వరుస దేని గురించో దాని గురించేనా? ఇష్యూల పట్టికలో సభ్యుని ఫోను నంబరు రాయాలా? ఫోను నంబరు సభ్యునిది, ఆ రోజు జరిగిన ఇష్యూది కాదు. కనుక అది సభ్యుల పట్టికలోనే ఉండాలి. ఇలా విషయాలను తగిన పట్టికలకు పంచే పనిని నార్మలైజేషన్ అంటారు.

రచయితల సంగతి? హాలిడే, రెస్నిక్ కలిసి రాసిన భౌతికశాస్త్ర గ్రంథం మీలో కొందరు చూసే ఉంటారు. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలు ఉండవచ్చు, ఒక రచయితకు ఎన్నో పుస్తకాలు ఉండవచ్చు. పుస్తకాల పట్టికలో 'రచయిత 1', 'రచయిత 2' అని రెండు గడులు పెడితే మూడవ రచయిత రాగానే ఇరుక్కుపోతాం. అందుచేత రచయితలకు ఒక పట్టిక, ఏ పుస్తకాన్ని ఏ రచయిత రాశారో చెప్పడానికి మరొక చిన్న పట్టిక పెట్టాలి. ఈ రెండవ దానిలో ఉండేవి రెండే గడులు: పుస్తకం సంఖ్య, రచయిత సంఖ్య. మొత్తం ఆరు పట్టికలయ్యాయి.

పేరు గుర్తింపు కాదు

ప్రతి పట్టికలోనూ ఏ వరుసకు ఆ వరుసను విడిగా గుర్తుపట్టడానికి ఒక గడి ఉండాలి. దాన్ని ప్రైమరీ కీ అంటారు. పేరును కీగా వాడకూడదా? కూడదు. మీ తరగతిలోనే ఇద్దరు లక్ష్మిలు, ముగ్గురు శ్రీనివాసులు ఉండవచ్చు. పైగా మన పేర్లను ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట పొడి అక్షరాలతో రాస్తారు. గురజాడ అప్పారావు, గురజాడ వెంకట అప్పారావు, జి.వి. అప్పారావు... మనకు ఒకరే, కంప్యూటర్‌కు ముగ్గురు!

రోల్ నంబరు? ఇంటర్ పూర్తి చేసి అదే కాలేజీలో డిగ్రీలో చేరితే రోల్ నంబరు మారిపోతుంది. ఫోను నంబరు కూడా మారుతుంది, అన్నదమ్ములిద్దరికీ ఒకే ఫోను ఉండవచ్చు కూడా. కాబట్టి సభ్యునికి డేటాబేసే ఒక సంఖ్య ఇవ్వడం మేలు. దానికి వేరే అర్థమేమీ ఉండదు, అందుకే దాన్ని మార్చవలసిన అవసరం రాదు.

ప్రతుల పట్టికకు మాత్రం లైబ్రేరియన్లే మనకంటే ముందు మంచి కీని కనిపెట్టి పెట్టారు. అదే యాక్సెషన్ నంబరు. లైబ్రరీకి వచ్చిన ప్రతి ప్రతికీ రిజిస్టరులో ఒక సంఖ్య వేసి, పుస్తకం మీద కూడా రాస్తారు. ఆ సంఖ్య మరో ప్రతికి ఉండదు. పుస్తకం పోయినా ఆ సంఖ్యను ఇంకొక దానికి ఇవ్వకూడదు. ప్రైమరీ కీకి ఉండవలసిన లక్షణాలివే.

ఇప్పుడు ఇష్యూల పట్టికలో ఏముంటాయి? ఇష్యూ సంఖ్య, యాక్సెషన్ నంబరు, సభ్యుని సంఖ్య, ఇచ్చిన తేదీ, గడువు తేదీ, తిరిగి వచ్చిన తేదీ. అంతే. పుస్తకం పేరు లేదు, విద్యార్థి పేరు లేదు. ఆ రెండు సంఖ్యలూ వేరే పట్టికల్లోని వరుసలను వేలు పెట్టి చూపిస్తున్నాయి. ఇలా మరొక పట్టిక కీని చూపించే గడిని ఫారిన్ కీ అంటారు.

కావలి కాసే నిబంధనలు

పట్టికలు గీసినంత మాత్రాన పని అయిపోలేదు. వాటికి నిబంధనలు కూడా చెప్పాలి. సభ్యుల పట్టికలో లేని సంఖ్య ఇష్యూల పట్టికలోకి రాకూడదు. పుస్తకం బాకీ ఉన్న సభ్యుని వరుసను తుడిచివెయ్యడానికి వీల్లేదు. ఈ రెండింటినీ ఫారిన్ కీ చూసుకుంటుంది. ఇచ్చిన తేదీ గడి ఖాళీగా ఉండకూడదు. తిరిగి వచ్చిన తేదీ ఇచ్చిన తేదీకంటే ముందు ఉండకూడదు. ఒక ప్రతి ఒకే సమయంలో ఇద్దరి దగ్గర ఉండకూడదు. ఈ చివరిదాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోనూ, ఎస్‌క్యూలైట్‌లోనూ ఇలా చెప్పవచ్చు: తిరిగి వచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుసలలో ఒక యాక్సెషన్ నంబరు ఒక్కసారే కనిపించాలి.

ఈ తనిఖీలు వెబ్ పేజీలోనే చేస్తే చాలదా అని మీకు సందేహం రావచ్చు. డేటాబేస్‌కు గుమ్మాలు చాలా ఉంటాయి. ఇవాళ వెబ్‌సైటు ఉంది, రేపు మొబైల్ ఆప్ వస్తుంది. ఎల్లుండి ఎవరో పాత లెక్కలను ఒకేసారి ఎక్కిస్తారు. గుమ్మం గుమ్మానికీ కాపలా పెట్టడంకంటే సమాచారం ఉన్న గది దగ్గరే కాపలా పెట్టడం మంచిది. పేజీలో కూడా తనిఖీ చెయ్యండి, కాని అది వాడేవారికి వెంటనే తప్పు చూపించడానికి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆపివేసి ఉంటుంది. డేటాబేస్‌ను తెరిచినప్పుడల్లా దాన్ని మనమే ఆన్ చెయ్యాలి. తేదీల వంటి విలువలను తనిఖీ చేసే చెక్ నిబంధనను మైఎస్‌క్యూఎల్ 2019కి ముందు చదివి ఊరుకునేది, అమలు చేసేది కాదు. అందువల్ల నిబంధన రాశాక కావాలనే ఒక తప్పుడు వరుసను ఎక్కించి చూడండి. డేటాబేస్ వద్దంటే మీ నిబంధన పనిచేస్తున్నట్టు.

గడిలో ఏ రకం సమాచారం ఉండాలో కూడా ముందే చెప్పాలి. తేదీని తేదీగానే దాచాలి. మామూలు అక్షరాలుగా రాస్తే 05-06 అన్నది జూన్ అయిదో, మే ఆరో తెలియదు. ఫోను నంబరును అంకెలుగా కాక అక్షరాలుగా దాచాలి. దాన్ని మనం కూడము, తీసివెయ్యము. పైగా సంఖ్యగా రాస్తే మొదట ఉన్న సున్న ఎగిరిపోతుంది. జరిమానా డబ్బును దశాంశ రకంగానో, పైసల లెక్కనో దాచాలి. కంప్యూటర్ మామూలుగా వాడే ద్విసంఖ్యామానంలో 0.1ని కచ్చితంగా రాయడం కుదరదు, మనకు 1/3 దశాంశాలలో కుదరనట్టే. ఆ సూక్ష్మమైన తేడాలు పోగై లెక్క తప్పుతుంది.

ప్రశ్న అడగడం

విషయాలను ముక్కలు చేసి దాచాం కదా, మళ్ళీ కలిపి చూడటం ఎలా? దీనికి ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ అనే మాట ఉంది. "ఇష్యూల పట్టికలోని యాక్సెషన్ నంబరు పట్టుకొని ప్రతిని, ప్రతి నుంచి పుస్తకాన్ని చేరుకో. సభ్యుని సంఖ్య పట్టుకొని పేరు తీసుకో. తిరిగి వచ్చిన తేదీ ఖాళీగా ఉన్నవి మాత్రమే చూపించు" అని అడిగితే చాలు. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో వస్తుంది. నో డ్యూస్ ఇవ్వాలా వద్దా అన్నది ఇదే ప్రశ్నను ఒక సభ్యునికి పరిమితం చేసి అడగడమే. వరుసలేవీ రాకపోతే పుస్తకాల బాకీ లేదు.

ఖాళీ గడిని డేటాబేస్ నల్ అంటుంది. నల్ అంటే సున్న కాదు, 'తెలియదు' లేదా 'ఇంకా లేదు' అని అర్థం. తెలియని దాన్ని దేనితో పోల్చినా జవాబు తెలియదనే వస్తుంది. కనుక "తేదీ సమానం నల్" అని అడిగితే ఒక్క వరుస కూడా రాదు! దానికి "ఈజ్ నల్" అని వేరే అడగాలి. దీన్ని మరిచిపోతే అందరికీ బాకీ లేనట్టే కనిపిస్తుంది.

50,000 ప్రతులున్న పట్టికలో ఒకదాన్ని వెతకాలంటే మొదటి నుంచి చివరి దాకా చదవాలా? అవసరం లేదు. పుస్తకం చివర అకారాది సూచిక ఉన్నట్టే డేటాబేస్‌లోనూ ఇండెక్స్ పెట్టవచ్చు. సాధారణంగా ఇది బీ-ట్రీ అనే ఆకారంలో ఉంటుంది. ఒక్కో మెట్టు మీద 100 దారులున్నాయనుకుంటే మూడు మెట్లు దిగేసరికి 100 × 100 × 100, అంటే 10 లక్షల వరుసలలో కావలసినదాన్ని చేరుకోవచ్చు. ప్రైమరీ కీకి ఇండెక్స్ దానంతటదే వస్తుంది. ఇష్యూల పట్టికలోని సభ్యుని సంఖ్య వంటి వాటికి మనమే పెట్టాలి. అలాగని ప్రతి గడికీ పెట్టకండి. కొత్త వరుస చేరినప్పుడల్లా ఇండెక్సులన్నిటినీ మార్చవలసి వస్తుంది.

మధ్యలో కరెంటు పోతే?

విద్యార్థి పుస్తకం ఇచ్చి 12 రూపాయల జరిమానా కట్టాడు. కంప్యూటర్ రెండు పనులు చెయ్యాలి: జరిమానా రసీదు రాయాలి, ఇష్యూను ముగించాలి. మొదటిది అయి రెండవది కాకముందే కరెంటు పోయింది. డబ్బు ముట్టింది, పుస్తకం మాత్రం ఆ విద్యార్థి దగ్గరే ఉన్నట్టు లెక్క!

ఇలా జరగకుండా రెండు పనులనూ కట్టగట్టి ఒకే పనిగా అప్పగించవచ్చు. ఆ కట్టను ట్రాన్సాక్షన్ అంటారు. అయితే రెండూ అవుతాయి, లేకపోతే ఏదీ కాదు. డేటాబేస్ తాను చెయ్యబోయే మార్పులను ముందుగా డిస్కు మీద ఒక చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసి, పూర్తయినట్టు రాసి ఉన్న కట్టలను నిలబెడుతుంది. సగంలో ఆగినవాటిని లెక్కలోకి తీసుకోదు.

ఇద్దరు ఒకేసారి వచ్చినప్పుడు మరో చిక్కు వస్తుంది. ఒక్క ప్రతే మిగిలింది. ఇద్దరు విద్యార్థులు రెండు ఊళ్ళ నుంచి ఒకే క్షణంలో దాన్ని తమ పేర రాయమని మీట నొక్కారు. ప్రోగ్రాం ఇద్దరికీ "ఉందా?" అని చూసింది, ఉంది. ఇద్దరికీ రాసేసింది! 2002లో భారతీయ రైల్వే టికెట్లు ఇంటర్‌నెట్‌లో అమ్మడం మొదలైంది. దేశమంతటి నుంచి వచ్చే కోరికల మధ్య ఒక బెర్తు ఇద్దరికి పోకూడదు. అక్కడా సమస్య స్వభావం ఇదే. మన లైబ్రరీలో ఇందాక పెట్టుకున్న నిబంధన ఇక్కడ ఆదుకుంటుంది. రెండవ వరుసను డేటాబేస్ తిప్పికొడుతుంది. అప్పుడు ఆ విద్యార్థికి "ఇప్పుడే వేరొకరు తీసుకున్నారు" అని మర్యాదగా చెప్పడం మన ప్రోగ్రాం పని.

తెలుగును దాచడం

పుస్తకాల పేర్లు తెలుగులో ఉండాలి కదా! 1990లలో డీటీపీకి వాడిన తెలుగు ఫాంట్లలో ఏ ఫాంటు సంకేతాలు దానివే. ఒక ఫాంటులో కొట్టినది మరో దానిలో చూస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ఇప్పుడు యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. డేటాబేస్‌ను మొదట తయారు చేసేటప్పుడే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకోండి. ఇందులో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అనే మాట కంటికి మూడక్షరాలే. కాని హల్లులు, గుణింతపు గుర్తులు విడివిడిగా లెక్కించాలి కనుక 6 గుర్తులు, 18 బైట్లు. గడికి ఎంత పొడవు కావాలో నిర్ణయించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపే గుర్తు ఒకటి కంటికి కనిపించకుండా ఉంటుంది. అది ఉన్న మాట, లేని మాట కంప్యూటర్‌కు ఒకటి కావు. వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసివేసి పోల్చాలి.

తాళాలు

వెబ్‌సైటు అంటే వీధి గుమ్మం. మంచివాళ్ళే వస్తారని అనుకోకూడదు. పేజీలో విద్యార్థి రాసిన రోల్ నంబరును మన ప్రోగ్రాం ఒక ప్రశ్నలో అతికిస్తుందనుకోండి: రోల్ నంబరు = '1042' ఉన్న వరుస చూపించు. ఎవరో తెలివిగా నంబరుకు బదులు ఇలా కొట్టారు: 1042' ఆర్ '1'='1. అతికించాక ప్రశ్న ఇలా తయారవుతుంది: రోల్ నంబరు = '1042' ఆర్ '1'='1'. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కనుక అందరి వివరాలూ బయటపడతాయి! దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. మందు సులువైనదే. ప్రశ్నను, విలువను కలిపి అతికించకుండా విడివిడిగా పంపాలి. ప్రశ్నలో విలువ ఉండవలసిన చోట ఒక గుర్తు పెట్టి, విలువను పక్కన అందించాలి. అప్పుడు డేటాబేస్ దాన్ని ఆజ్ఞగా కాక వట్టి అక్షరాలుగానే చూస్తుంది.

పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్టు దాచకండి. తిరిగి వెనక్కు మార్చడానికి వీలులేని హాష్ రూపంలో దాచండి. బీక్రిప్ట్, ఆర్గాన్2 వంటి పద్ధతులు ఇందుకోసమే ఉన్నాయి. వెబ్ ప్రోగ్రాం డేటాబేస్‌లోకి వెళ్ళడానికి వేరే ఖాతా ఇవ్వండి. పట్టికలనే తుడిచివేసే అధికారం ఆ ఖాతాకు ఉండనక్కరలేదు.

అన్నిటికంటే గట్టి తాళం, అక్కరలేనిది అడగకపోవడం. దరఖాస్తులో ఉన్నాయి కదా అని కులం, ఆధార్ నంబరు, తల్లిదండ్రుల ఆదాయం లైబ్రరీ డేటాబేస్‌లో పెట్టకండి. పుస్తకం ఇవ్వడానికి అవేవీ అవసరం లేదు. లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి 2023లో మన పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారన్నది కూడా వారి సొంత విషయమే.

చివరగా, నకళ్ళు. రోజూ డేటాబేస్ నకలు ఒకటి వేరే చోట దాచాలి. అదే కంప్యూటర్‌లో దాస్తే డిస్కు పాడైన రోజున రెండూ పోతాయి. నకలు ఉంటే చాలదు, అందులోంచి డేటాబేస్‌ను మళ్ళీ నిలబెట్టగలమో లేదో అప్పుడప్పుడు చేసి చూడాలి.

మీరే చేసి చూడండి

ఇవన్నీ నేర్చుకోవడానికి పెద్ద సర్వర్ అక్కరలేదు. ఎస్‌క్యూలైట్ మొత్తం డేటాబేస్‌ను ఒకే ఫైలులో ఉంచుతుంది, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. ముందు కాగితం మీద ఆరు పట్టికలు గీయండి. ఒక్కో దానికి ప్రైమరీ కీ రాయండి. ఫారిన్ కీలను బాణాలతో చూపండి. మీ మిత్రులకు ఆ కాగితం ఇచ్చి ఈ ప్రశ్నలు అడగండి: పుస్తకం పోతే ఎక్కడ రాయాలి? ఒకే ప్రతిని అదే విద్యార్థి రెండవసారి తీసుకుంటే? గడువు పొడిగిస్తే పాత గడువు తేదీ కావాలా, వద్దా? జవాబు దొరకని చోట పట్టిక మార్చండి. కాగితం మీద తప్పు దిద్దడానికి రబ్బరు చాలు. వెయ్యిమంది సమాచారం ఎక్కిన తరువాత దిద్దాలంటే నెలలు పట్టవచ్చు.

తరువాత పది పుస్తకాలు, అయిదుగురు సభ్యులతో పట్టికలు నింపండి. ఒకే ప్రతిని ఇద్దరికి ఇవ్వడానికి ప్రయత్నించండి. బాకీ ఉన్నవారిని తొలగించడానికి ప్రయత్నించండి. మీ డేటాబేస్ రెండింటికీ ఒప్పుకోకపోతే, దాని మీద వెబ్ పేజీ కట్టడం మొదలుపెట్టవచ్చు.